వీసా పదేళ్లదైనా, ఉండనిచ్చేది ఐ-94 తేదీ వరకే

హోసూరులో మన సంఘం ఆఫీసుకు వచ్చే పెద్దవాళ్లు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "అమెరికాకు పదేళ్ల వీసా వచ్చింది సార్. అబ్బాయి దగ్గర ఎన్నాళ్లు ఉండవచ్చు?"

పదేళ్లు అన్నది వీసా గడువు. ఆ పదేళ్లలో ఎన్నిసార్లయినా అమెరికా గుమ్మం దాకా వెళ్లి, లోపలికి రానివ్వమని అడగవచ్చు. వెళ్లిన ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండాలో అక్కడ విమానం దిగినప్పుడు ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తారు. బి-2 సందర్శకులకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. తక్కువ కూడా ఇవ్వవచ్చు.

ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. విమానాశ్రయంలో కాగితం చేతికి ఇవ్వరు కాబట్టి చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి ఉచితంగా తీసుకోవచ్చు. దిగిన వారంలోనే పిల్లల చేత తీయించండి.

ఇది మా ఇంట్లో జరిగిన పొరపాటు వల్ల చెబుతున్నాను. అమ్మాయి మొదటి కాన్పుకు మా ఆవిడ వెళ్లింది. టికెట్టు చౌకగా దొరికిందని తిరుగు ప్రయాణం కొన్నాళ్లు వెనక్కి జరిపాము. గడువు ఐదు రోజులు దాటింది. వచ్చేటప్పుడు ఎవరూ ఆపలేదు, ఏమీ అడగలేదు. రెండో కాన్పుకు బయలుదేరే ముందు లాయరును అడిగితే, గడువు దాటిన రోజే ఆ పదేళ్ల వీసా చెల్లకుండా పోయిందన్నారు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఇంటర్వ్యూ. ఈలోగా బిడ్డ పుట్టాడు. బారసాల ఫోన్‌లో చూసింది. ఉద్యోగమంతా ఫైళ్లలో తేదీలు చూసినవాణ్ణి, ఇంటి తేదీ చూసుకోలేదు.

గడువు 180 రోజులకు మించి దాటి, ఏడాది లోపు తిరిగి వచ్చినవారికి మూడేళ్లు ప్రవేశం ఉండదు. ఏడాది, అంతకు మించి దాటితే పదేళ్లు.

నిజంగా ఇంకొన్నాళ్లు ఉండవలసి వస్తే, ఐ-94 తేదీ రాకముందే ఐ-539 ఫారంతో పొడిగింపు అడగాలి. కనీసం 45 రోజుల ముందు పెట్టమని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ సలహా. ఎందుకు ఉండాలి, ఖర్చు ఎవరు భరిస్తారు, ఎప్పుడు తిరిగి వెళ్తారు అన్నవి కాగితాలతో చూపాలి. అడిగినంత మాత్రాన ఇస్తారని లేదు.

మన వాళ్లలో రెండు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి, కెనడా వెళ్లి రెండు రోజుల్లో వస్తే కొత్తగా ఆరు నెలలు దొరుకుతాయని. దాన్ని నమ్ముకోకండి. రెండోది, ఏడాదికి ఆరు నెలలు మన హక్కు అని. అలాంటి హక్కు లేదు. ఆరు నెలలు ఉండి, వెంటనే మళ్లీ వెళ్తే, ఇక్కడే కాపురం పెడుతున్నారేమోనని అధికారికి అనుమానం వస్తుంది. వెనక్కి పంపే అధికారం ఆయనకు ఉంది.

వేరే దేశాల లెక్క వేరు. బ్రిటన్ పదేళ్ల వీసా మీద కూడా మామూలుగా ఒక్కో రాకకు ఆరు నెలలే. కెనడాలో తల్లిదండ్రులకు, తాత, అమ్మమ్మ, నానమ్మలకు ఉన్న సూపర్ వీసా మీద 2022 జూలై నుంచి ఒకేసారి ఐదేళ్ల వరకు ఉండవచ్చు. అక్కడా విమానాశ్రయంలో అధికారి ఇచ్చిన తేదీయే లెక్క.

కాబట్టి ఐ-94 తేదీని అక్కడ పిల్లల ఇంటి క్యాలెండరులో, ఇక్కడ మీ ఇంటి క్యాలెండరులో రాసి పెట్టండి. తిరుగు టికెట్టు దానికి వారం ముందుకే కొనండి. ఐ-94 చదవడం తెలియకపోతే, ప్రింటు తీసుకుని సాయంత్రం సంఘం ఆఫీసుకు రండి. కూర్చుని చూద్దాం.