రక్తపుపోటు – నరముల రసాయనము

కోపము వచ్చినపుడు గుండె దడదడ కొట్టుకొనునని మనమందఱము ఎఱుగుదుము. మనస్సున పుట్టిన కోపము గుండెకు ఎట్లు చేరును? నరములగుండా చేరునని చెప్పుదుము. కాని నరము తాను స్వయముగా గుండెను త్వరపెట్టదు. దాని కొననుండి వెలువడు రసాయన ద్రవ్యమే ఆ పని చేయుచున్నది.

మన సంకల్పముతో నిమిత్తము లేక పనిచేయు నాడులలో సహానుభూత నాడీమండల మొకటి. దాని కొనలయందలి సూక్ష్మమైన తిత్తులలో నార్‌ఎడ్రినలిన్ అను ద్రవ్యము నిలువయుండును. మెదడు ఆజ్ఞాపింపగానే అది వెలువడి గుండె వేగమును హెచ్చించును. చిన్న ధమనులను ముడుచుకొనజేయును. దారి ఇఱుకైనపుడు రక్తము గోడలను గట్టిగా నొక్కును. ఇదియే రక్తపుపోటు హెచ్చుట. పని తీరిన పిమ్మట ఆ ద్రవ్యములో చాల భాగము తిరిగి నరములలోనికే చేరును, పోటు దిగును. ఈ ద్రవ్యమే ఆ నాడుల దూత యని 1946లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్ వాన్ ఆయిలర్ నిరూపించెను. 1970లో నోబెల్ బహుమానమును మఱి యిద్దఱితో పంచుకొనెను.

కొందఱిలో ఈ నాడులు విశ్రాంతివేళ సయితము అతిగా పనిచేయును. అట్టివారిలో పోటు దిగక నిలిచిపోవచ్చును. మూత్రపిండముల దోషము, ఉప్పు అధికముగా తినుట, వంశలక్షణము మొదలగునవియు కారణములే.

ఈ విషయమును గ్రహించుటకు మన దేశపు మూలిక యొకటి తోడ్పడినది. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించునని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రెసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. నార్‌ఎడ్రినలిన్ తిత్తులలో నిలువ చేరకుండ అది అడ్డుపడును. దూత లేనపుడు ఆజ్ఞ చేరదుగదా! అయితే మత్తు, విచారము వంటి లక్షణములు కొందఱిలో కానవచ్చుటచే దానిని నేడు అరుదుగా వాడుదురు. కావున ఆ వేరును ఇంట నూఱి త్రాగుట తగదు.

కోపిష్ఠులకే ఈ వ్యాధి వచ్చునను మాట సరికాదు. శాంతమూర్తులకును వచ్చును; పెక్కుమారులు ఏ బాధయు తోపనీయదు. పరికరముతో కొలిచిననే తెలియును. పెద్దలకు పలుమారులు కొలిచినను 140/90 లేక అంతకు మించి యున్నచో వైద్యుని ఆశ్రయింపవలెను. బాధ లేదని మందును తమంతట తాము మానరాదు. కొన్ని మందులను హఠాత్తుగా మానినచో పోటు మఱింత హెచ్చును.

ఆసుపత్రి చీటీ ఏ భాషలోనున్నను, దాని భావమును ఇంటనున్న తాతయ్యకు, నాయనమ్మకు తెలుగున విడమరచి చెప్పుట మన విద్యార్థుల విధి. చదువు ఇంటికి ఉపయోగపడుట యనగా ఇదియే.