అడవి గురించి అడిగితే అన్నల మనిషేనా?

అపోహ: అడవి, భూమి, గ్రామసభ అని మాట్లాడేవాళ్లంతా ఎర్రజెండా వాళ్లే. ఎర్రజెండా వాళ్లంతా నక్సలైట్లే.

వాస్తవం: ఛత్తీస్‌గఢ్‌లో ఈ మాట మనుషుల్ని జైలుపాలు చేసింది, ఊళ్లను ఖాళీ చేయించింది. పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ నాయకుడు బినాయక్ సేన్‌ను 2007లో అరెస్టు చేస్తే బెయిలుకే రెండేళ్లు పట్టింది. 2010 డిసెంబర్‌లో రాయ్‌పూర్ సెషన్స్ కోర్టు రాజద్రోహం కింద యావజ్జీవ శిక్ష వేసింది. 2011 ఏప్రిల్‌లో మళ్లీ బెయిలిస్తూ, నక్సల్ సాహిత్యం దగ్గరుంటే నక్సల్ అయిపోరని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మావోయిస్టులను ఎదుర్కోవడానికంటూ 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో ఇంకా ఘోరం. జుడుం శిబిరాలకు రానివాళ్లపై మావోయిస్టు ముద్ర వేశారు. వేలమంది ఆదివాసులు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాలో తలదాచుకున్నారు. జుడుంకు ముందు నిలిచిన మహేంద్ర కర్మ కాంగ్రెస్ నేత, ఒకప్పటి సీపీఐ ఎమ్మెల్యే. అండగా ఉన్నది బీజేపీ ప్రభుత్వం. ఎదిరించినవాళ్లలో అప్పటి సీపీఐ నేత మనీష్ కుంజాం ఒకరు. ఎడమ, కుడి అన్న ఒక్క గీత మీద వీళ్లందర్నీ ఎలా సర్దుతారు?

కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని చూడండి. దల్లీ రాజహరా గని కార్మికుల కూలి కోసం సమ్మెలు నడిపారు. వాళ్లచేత సారా మాన్పించారు. కార్మికుల సొంత కష్టంతో 1983లో షహీద్ ఆసుపత్రి నిలబడింది. 1857లో రాయ్‌పూర్‌లో ఉరికంబమెక్కిన ఛత్తీస్‌గఢ్ వీరుడు వీర్ నారాయణ్ సింగ్‌ను ఉద్యమానికి ఆదర్శంగా నిలిపారు. కూలి దగ్గర వామపక్షం, సారా దగ్గర గాంధీ మార్గం, వీరుడి దగ్గర ప్రాంతాభిమానం: మూడూ ఒకే మనిషిలో ఉన్నాయి. 1991లో ఆయన్ను భిలాయిలో కాల్చి చంపారు.

2021 అక్టోబర్‌లో హస్‌దేవ్ అడవి పల్లెల జనం సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ వచ్చారు. బొగ్గు గనులకు గ్రామసభ ఒప్పుకోలేదన్నదే వాళ్ల మాట. అప్పుడు రాష్ట్రంలో కాంగ్రెస్, కేంద్రంలో బీజేపీ. వాళ్లు ఇద్దర్నీ నిలదీశారు.

ఒకటి ఒప్పుకోక తప్పదు. మావోయిస్టులు బహిరంగ సంఘాలను వాడుకుంటారన్న ఆరోపణ ఉత్తిదే కాదు. 2010లో దంతెవాడ దగ్గర 76 మంది జవాన్లను, 2013లో జీరం లోయలో మహేంద్ర కర్మతో సహా కాంగ్రెస్ నాయకులను చంపింది మావోయిస్టులే. ఆ హత్యలకు సమర్థన లేదు. అయితే తుపాకీ పట్టినవాడి నేరాన్ని అర్జీ పట్టినవాడికి అంటగట్టడం అన్యాయం.

అపోహ: కుడి పార్టీకి సంక్షేమం పడదు.
వాస్తవం: దేశానికంటే ముందే, 2012లో, ఛత్తీస్‌గఢ్‌లో ఆహార భద్రత చట్టం తెచ్చింది రమణ్ సింగ్ బీజేపీ ప్రభుత్వం.

అపోహ: కాంగ్రెస్‌కు గుడి, గోవు పట్టవు.
వాస్తవం: రాముడు వనవాసంలో నడిచాడనే దారిని తీర్చిదిద్దే రామ్ వన్ గమన్ పథ్ చేపట్టిందీ, కిలో రెండు రూపాయలకు పేడ కొన్నదీ ఛత్తీస్‌గఢ్‌లోని భూపేశ్ బఘేల్ కాంగ్రెస్ ప్రభుత్వమే.

అపోహ: ఎడమ, కుడి అన్న ఒక్క గీత చాలకపోతే, రెండు గీతల పటం గీస్తే మనుషుల లెక్క తేలిపోతుంది.
వాస్తవం: 1971లో అమెరికాలో డేవిడ్ నోలన్ ప్రచురించిన అలాంటి పటం ఆర్థిక స్వేచ్ఛనూ వ్యక్తి స్వేచ్ఛనూ కొలుస్తుంది. కులానికీ గ్రామసభకూ అందులో చోటు లేదు.

అందుకే మనిషిని గీత మీద పెట్టకండి, విడివిడిగా అడగండి. సంపద ఎవరి చేతిలో ఉండాలంటారు? పోలీసుకు ఎంత అధికారం ఇవ్వాలంటారు? ఊరి భూమిపై చివరి మాట ఎవరిది? హింసను ఒప్పుకుంటారా? నాలుగు జవాబులూ ఒకే వైపు ఉండనక్కర్లేదు. అవి వినకుండా ఎవరినీ అన్నల మనిషి అనకండి. అలాంటి మెసేజ్ మీ ఫోన్‌కు వస్తే ఇంకొకరికి పంపకండి.