అమెరికన్ కవిత్వ పాఠం: ముందు చెట్టు, ఆ తర్వాత ప్రతీక

20వ శతాబ్దం తొలి పాతికేళ్లలో అమెరికాలో వెలువడిన కొన్ని చిన్న కవితలను మన హైస్కూలు తరగతుల్లో ఎలా చదువుతున్నాం, ఎలా చదవవచ్చు అన్న విషయాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఢిల్లీ, నోయిడా, గుర్గావ్‌లలోని సి.బి.ఎస్.ఇ. బడుల్లో చదివినవారికి ఈ కవితలు పరిచయమే. ఎన్.సి.ఇ.ఆర్.టి. 2007లో వెలువరించిన పదో తరగతి పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో రాబర్ట్ ఫ్రాస్ట్ కవితలు రెండు, కార్ల్ శాండ్‌బర్గ్ కవిత ఒకటి ఉన్నాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ ఢిల్లీ బడుల్లో చదివిన తెలుగు పిల్లలకూ ఫ్రాస్ట్ పాఠమే. అసలు ఢిల్లీకి ఫ్రాస్ట్ అంతకన్నా పాత చుట్టం. 1964 మే 27న జవహర్‌లాల్ నెహ్రూ తీన్‌మూర్తి భవన్‌లో కన్నుమూసినప్పుడు, ఆయన స్వదస్తూరీతో రాసుకున్న ఫ్రాస్ట్ కవితా పాదాలు ఆయన దగ్గర ఉన్నాయి. మంచు కురుస్తున్న అడవి దగ్గర ఆగిన బాటసారి కవిత అది.

ఇప్పుడు ‘డస్ట్ ఆఫ్ స్నో’ తీసుకుందాం. 1923లో వచ్చిన ‘న్యూహాంప్‌షైర్’ సంపుటిలోనిది. ఆ సంపుటికి 1924లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కవితలో 8 పాదాలు, 34 మాటలు, అంతా కలిపి ఒకే వాక్యం. విషయం కూడా అంతే చిన్నది. కవి మనసు ఆ రోజు బాగాలేదు. హెమ్లాక్ చెట్టు మీది కాకి కదిలి, కొమ్మ మీది మంచు పొడిని ఆయన మీద రాల్చింది. మనసు కొంచెం మారింది.

పరీక్షల్లో దీనికి రాసే జవాబు దాదాపు ఒకటే: కాకి అశుభం, హెమ్లాక్ విషవృక్షం, రెండూ దుఃఖానికి ప్రతీకలు, దుఃఖం నుంచి కవికి ఆనందం పుట్టింది. ఈ జవాబుకు మూలం పాఠ్యపుస్తకంలోనే ఉంది. అక్కడ పదాల అర్థాల్లో హెమ్లాక్‌ను చిన్న తెల్లని పూలు పూసే విషపు మొక్కగా, చెట్టుగా చెప్పారు. ఇక్కడే చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో హెమ్లాక్ అనే పేరు రెండు వేర్వేరు మొక్కలకు ఉంది. ఒకటి క్యారెట్, కొత్తిమీర కుటుంబానికి చెందిన గుల్మం. తెల్లని పూలు పూస్తుంది, నిజంగానే విషం. క్రీ.పూ. 399లో సోక్రటీసుకు ఇచ్చింది దీని రసమే అంటారు. రెండోది పెద్ద చెట్టు. దేవదారు, పైన్‌ల వంటి వివృతబీజ జాతి. దానికి పూలుండవు, చిన్న చిన్న శంకువులుంటాయి. విషం కాదు సరికదా, దాని ఆకులతో అమెరికా ఆదివాసులు కషాయం కాచుకునేవారు. ఫ్రాస్ట్ కవితలోని చెట్టు ఇదే. దీని బంధువు ఒకటి మన ఉత్తరాఖండ్ కొండల్లోనూ పెరుగుతుంది.

ఇది వృక్షశాస్త్రం వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. విషం తీసేస్తే కవిత మారిపోతుంది. కవి మేపుల్, ఓక్ వంటి అందమైన చెట్టును ఎందుకు తీసుకోలేదని పుస్తకంలో ఒక ప్రశ్న ఉంది. నిండు చలికాలంలో మేపుల్ ఆకులు రాల్చి మోడై ఉంటుంది. హెమ్లాక్ సతతహరితం. సన్నని సూదుల్లాంటి ఆకులతో కిందికి వాలిన దాని కొమ్మల మీద మంచు పేరుకుని నిలుస్తుంది. కాకి కదిలితే పొడిలా రాలుతుంది. అంటే ఆ చెట్టు అక్కడ ఉన్నది దేనికో గుర్తుగా ఉండాలని కాదు, మంచును మోయడానికి. సెలవుల్లో సిమ్లా వెళ్లినప్పుడు మంచు పట్టిన దేవదారు కొమ్మను ఊపి చూసినవారికి ఈ కవిత ఇట్టే అర్థమవుతుంది.

కాకి సంగతి కూడా చూడండి. మన ఇళ్లలో కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు. తద్దినం నాడు అది ముద్ద ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు జవాబుపత్రంలో మాత్రం కాకిని ఉత్త అశుభం చేసేస్తారు. మరో సంగతి: ఆ రోజులో ‘కొంత భాగం’ మాత్రమే దక్కిందని కవి అంటారు. జీవితం మారిపోయిందని ఎక్కడా అనలేదు. ఆ ‘కొంత’ అన్న మాటను దాటేసినవారికి కవిత నీతికథగా కనిపిస్తుంది. ఫ్రాస్ట్ స్వయంగా హైస్కూలు మాస్టారు. డెర్రీ పట్టణంలోని పింకర్టన్ అకాడమీలో 1906 నుంచి 1911 వరకు ఇంగ్లీషు చెప్పారు.

ఇక శాండ్‌బర్గ్ ‘ఫాగ్’. 1916 నాటి ‘షికాగో పొయెమ్స్’లోనిది. అంత్యప్రాసలు లేని వచన కవిత, 6 పాదాలు, 21 మాటలు. పొగమంచు పిల్లిలా చప్పుడు లేకుండా వస్తుంది, రేవునూ నగరాన్నీ చూస్తూ కూర్చుంటుంది, వెళ్లిపోతుంది. ఢిల్లీ పిల్లలకు పొగమంచు గురించి ఒకరు చెప్పాలా? జనవరిలో హైదరాబాదు, విశాఖపట్నం రైళ్లు గంటల తరబడి ఆలస్యమయ్యేది దానివల్లే కదా! కానీ ఆ మంచు వేరు, ఈ మంచు వేరు. మిషిగన్ సరస్సు చల్లని నీటి మీదుగా వెచ్చని తేమగాలి సాగినప్పుడు అక్కడ మంచు తెర ఏర్పడుతుంది. గాలి దాన్ని నగరంలోకి తోస్తుంది, గాలి మారితే అది కదిలిపోతుంది. ఢిల్లీలో గాలి నిలిచిన రాత్రి నేల వేడి కోల్పోయి, దానికి ఆనుకున్న తేమగాలి చల్లబడి, ఉన్నచోటే మంచు పుడుతుంది. పైగా అందులో మన పొగ కూడా కలుస్తుంది. అది రాదు, పోదు, ఎండ ముదిరేదాకా కూర్చుంటుంది. షికాగో మంచు పిల్లి అయితే మనది రోడ్డుకు అడ్డంగా పడుకున్న గేదె. ఈ తేడా తెలిసిన విద్యార్థికి శాండ్‌బర్గ్ పిల్లినే ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

2006 నాటి తొమ్మిదో తరగతి ‘బీహైవ్’లోని ‘ది రోడ్ నాట్ టేకెన్’ గురించి ఒక్క మాట. 1915లో అచ్చయిన ఈ కవితను, ఎవరూ నడవని దారి ఎంచుకుని గెలిచినవాడి కథగా గోడల మీద రాస్తుంటారు. కవిత మధ్యలోకి వెళ్లి చూడండి. రెండు దారులూ ఇంచుమించు సమానంగానే అరిగి ఉన్నాయని చెప్పినవాడే, ఏళ్లు గడిచాక వేరేలా చెప్పుకుంటానని ముందే ఒప్పుకుంటున్నాడు. దారి ఎంచుకోవడంలో ఎప్పుడూ తటపటాయించే మిత్రుడు ఎడ్వర్డ్ థామస్‌ను ఆటపట్టించడానికి ఫ్రాస్ట్ దీన్ని రాశారు. థామస్ సైన్యంలో చేరి 1917లో ఫ్రాన్స్‌లోని ఆరాస్ దగ్గర యుద్ధంలో మరణించారు.

అభ్యాసం: ‘డస్ట్ ఆఫ్ స్నో’లో హెమ్లాక్ బదులు మీ వీధిలోని వేప చెట్టును, మంచు బదులు ఢిల్లీ దుమ్మును పెట్టి ఆ సంఘటనను నాలుగు వాక్యాల్లో రాయండి. మీ మనసు ఏ వైపు మారిందో కూడా రాయండి.