మీకు తెలుసా? సర్జరీ తర్వాత కూడా మోహింగా తినొచ్చు!

మయన్మార్‌లోని యాంగోన్ నగరంలో, ఇన్సేన్ ప్రాంతంలో పొద్దున్నే పొగలు కక్కే మోహింగా తింటారు. సన్నని బియ్యపు నూడుల్స్, క్యాట్‌ఫిష్ పులుసు, అరటి దూట, ఉడికించిన గుడ్డు అందులో ఉంటాయి. బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవారు దీన్ని శాశ్వతంగా వదులుకోనక్కర్లేదు. గట్టి ఆహారానికి డాక్టర్ అనుమతి ఇచ్చాక, తినే వరస, కొలత మార్చుకుంటే చాలు.

● బరువు తగ్గే సర్జరీల్లో ఒకటైన స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో సుమారు 75–80 శాతం తీసేస్తారు. ఉన్న కాస్త చోటూ నూడుల్స్‌తో నిండితే ప్రొటీన్‌కు జాగా ఉండదు. అందుకే ముందు చేప, గుడ్డు తినాలి. ఆ తర్వాతే రెండు మూడు చెంచాల నూడుల్స్. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి.

● బరువు తగ్గేందుకు గ్యాస్ట్రిక్ బైపాస్ సర్జరీ అయినవారు కండెన్స్‌డ్ మిల్క్ పోసిన తియ్యటి టీ తాగితే, చక్కెర గబగబా చిన్నపేగులోకి జారిపోతుంది. గుండెదడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. దీన్నే డంపింగ్ సిండ్రోమ్ అంటారు.

● తిన్నాక అరగంట వరకు నీళ్లు తాగకూడదు.

● పిండిపదార్థాలను పూర్తిగా మానేయడమూ మంచిది కాదు. పప్పులు, కూరగాయలు, ముడిబియ్యం పీచునిస్తాయి, మలబద్ధకాన్ని తగ్గిస్తాయి.

● బాగా పాలిష్ పట్టిన బియ్యం తినే కోస్తా ఆంధ్రలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి ఉండేది. దానికి కారణమైన విటమిన్ బి1 లోపమే సర్జరీ తర్వాత వాంతులు ఆగనివారికీ రావచ్చు.

వాంతులు ఆగకపోయినా, కాళ్లు తిమ్మిరెక్కినా, నడక తడబడినా ఆలస్యం చేయకండి. వెంటనే డాక్టర్‌ను కలవండి. రాసిచ్చిన విటమిన్లు ఒక్క రోజు కూడా మానకండి.