ముందట కారు ఎనుక పోతే ఏం నేరుస్తం?

ట్రాక్ డే అంటే రేసు కాదు తమ్మీ. గెలుపోటములు లేవు, కప్పు లేదు. రేసుల కోసం కట్టిన ట్రాకు మీద ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకొని, సొంత కారు నడుపుకునుడు. ఎదురుంగ లారీ రాదు, అడ్డం బర్రె రాదు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైల గసుంటి ట్రాకు ఒకటున్నది, ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. పైసలున్నోళ్ల ఆటే, కాదనను. టైర్లు, బ్రేకు ప్యాడ్లు అరిగే ఖర్చు అదనం. కానీ ఆడ నేర్చే తీరు మన లారీ క్లీనర్లకు ఎప్పటిసంది ఎరుకే: నడిపేటోన్ని చూసి నేర్చుకునుడు.

కొత్తోడు మలుపు కాడ ఆలస్యంగ బ్రేకు కొడ్తడు, తొందరపడి స్టీరింగ్ తిప్పుతడు. అందుకే నేర్పేటాయన ముందట కార్ల పోతడు, రెండు మూడు కార్లు ఎనుక వస్తయి. ఆయన బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచును తాకి, మళ్ల బయటి అంచు దిక్కు కారును ఇడుస్తడు. గట్ల పోతే వంపు పెద్దగైతది, టైర్ల పట్టు అంతే ఉన్నా ఎక్కువ స్పీడుల తిరగొచ్చు. చదివితే ఇది అర్థమైతది గానీ చేతికి రాదు. బ్రేకు లైటు ఎక్కడ ఎలిగింది, ఎక్కడ తిప్పిండు అని నాలుగు చుట్లు చూస్తే మెల్లగ వస్తది.

గిండ్ల ఒక తిరకాసున్నది. రెండో కారు గురువును చూస్తది, మూడోది రెండోదాన్ని చూస్తది. తప్పు ఎనుకకు పోయినకొద్దీ పెరుగుతది. అందుకే మంచిగ నేర్పేటోళ్లు మధ్యమధ్యల కార్ల వరుస మారుస్తరు, అందరికీ గురువు ఎనుక వంతొస్తది.

ఇంకోటి, లైను అరువు తెచ్చుకోవచ్చు, బ్రేకు తెచ్చుకోరాదు. ఆయన కారు తేలిక, టైర్లు మంచియి. నీది బరువు, నలుగురు ఎక్కే బండి. ఆయన కొట్టిన కాడనే నువ్వు బ్రేకు కొడితే మట్టిల తేలుతవ్. స్పీడు 100 నుంచి 110కి పెరిగితే ఆగే దూరం పదో వంతు కాదు, అయిదో వంతు పెరుగుతది. 100 స్పీడుల ఒక్క సెకను ఆలోచిస్తే 28 మీటర్లు పోయినట్టే.

అన్నిటికన్నా పెద్ద గండం కండ్లది. ముందటోని బంపర్ మీదనే చూపు పెడితే చెయ్యి గూడ అటే పోతది. ఆయన ట్రాకు దిగితే నువ్వూ దిగుతవ్. చూపు ఆయన కారును దాటి మలుపు అవతలికి పోవాలె. జర ఎడం ఉంచితే ఇంజన్‌కు సల్లగాలి గూడ దొరుకుతది.

ఇగ ఇది మన రోడ్డు మీద జేస్తనంటవా? ట్రాకు మీద ఆ లైను రోడ్డు మొత్తం వాడుకుంటది. శ్రీశైలం ఘాట్ల సగం రోడ్డు ఎదురొచ్చేటోనిది. మలుపు లోపలి అంచుకు కోసినవనుకో, ఆర్టీసీ బస్సు ముందల ఉంటవ్. రీల్సుల గీ లైను చూపించి ఘాట్ ఎక్కుమనేటోళ్లను నమ్మకుండ్రి. ట్రాకు నుంచి రోడ్డుకు తెచ్చుకోవాల్సింది దూరపు చూపొక్కటే. దానికి ఫీజు గూడ అక్కర్లేదు. రేపు బస్సుల డ్రైవరు ఎనుక సీట్ల కూసోని, ఆయన బ్రేకు తొక్కక ముందే ఎందుకు తొక్కుతడో మనసుల చెప్పుకొని చూడు.