కొడుకా? ఖాకీనా?

కడుపున పుట్టినవాడే నేరస్థుడైతే పోలీసు తండ్రి ఏం చేయాలి? 1974లో వచ్చిన తమిళ సినిమా ‘తంగపతక్కం’ అడిగిన ప్రశ్న ఇది. అంటే బంగారు పతకం. దర్శకుడు పి.మాధవన్. ఎస్పీ చౌదరిగా శివాజీ గణేశన్, కొడుకు జగన్‌గా శ్రీకాంత్ నటించారు.

చివర్లో తండ్రి కొడుకును కాల్చేస్తాడు, పతకం అందుకుంటాడు. అందరికీ గుర్తుండేది అదే. కానీ అసలు పరీక్ష ఎప్పుడో జరిగిపోయింది. చిన్నప్పుడు పిల్లాడు తప్పు చేస్తే చౌదరి మందలించి ఊరుకోడు, బాల నేరస్థుల పాఠశాలకు పంపేస్తాడు. చట్టం ప్రకారం సరే! నాన్నకు నాకంటే ఉద్యోగమే ఎక్కువన్న కసి వాడిలో మొలకెత్తింది మాత్రం అక్కడే. ఇద్దరి మధ్యా నలిగిపోయింది తల్లి (కె.ఆర్.విజయ). ఆమెకు ఏ పతకమూ లేదు.

1981లో ఇదే బాణీలో తెలుగులో ‘కొండవీటి సింహం’ వచ్చింది. ఎన్టీఆర్ ఎస్పీ తండ్రిగానూ, కొడుకుగానూ కనిపిస్తారు. దారి తప్పిన కొడుకు మోహన్‌బాబు. ఎన్టీఆరే మంచి కొడుకుగా పక్కనుంటే మనకు ఊరటే గానీ, తండ్రి గుండెకోతలో పదును తగ్గిందనే చెప్పాలి.

హిందీ ‘శక్తి’ (1982) ఆ పుండునే కెలికింది. దుండగులు పసివాణ్ని ఎత్తుకెళ్లి ఫోన్ చేస్తే, దిలీప్‌కుమార్ లొంగేది లేదంటాడు. ఆ మాట పిల్లాడి చెవిన పడుతుంది. పెద్దయ్యాక అమితాబ్ దాన్ని మరిచిపోడు.

తమిళనాట స్థిరపడ్డ మనవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. తమిళం, తెలుగు రెండూ ఎవరి సాయం లేకుండానే చూడొచ్చు. వరసగా చూడండి. ఈసారి తండ్రిని కాదు, తల్లి ముఖాన్ని గమనించండి.