మిషను కొనేముందు చెవి మాట వినండి!

టీవీ సౌండు ఇంటిల్లిపాదికీ ఎక్కువ... తాతయ్యకు మాత్రం తక్కువ. ఫోనెత్తితే ‘ఆఁ... ఏమిటీ?’ అని నాలుగుసార్లు. పెళ్లిలో ఎవరైనా పలకరిస్తే జవాబుకు బదులు ఓ చిరునవ్వు. ఇంట్లోవాళ్లు ‘పెద్దతనం’ అని సరిపెట్టుకుంటారు. ఆయనేమో నలుగురిలోకి రావడమే తగ్గించుకుంటారు. చివరికి పిల్లలు ఓ మిషను కొనుక్కొస్తారు. వారం తిరక్కుండానే అది బీరువా సొరుగులోకి చేరుతుంది. ‘అంతా గోల’ అన్నది పెద్దాయన ఫిర్యాదు. చాలాసార్లు లోపం ఆయనదీ కాదు, మిషనుదీ కాదు. చెవిని పరీక్షించకుండా కొనడమే!

వినిపిస్తుంది... అర్థం కాదు
వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా దెబ్బతినేది సన్నని ధ్వనులను పట్టుకునే శక్తి. అచ్చులు బాగానే చేరతాయి. స, త, క లాంటి హల్లులు జారిపోతాయి. దాంతో ‘పాలు’ అంటే ‘కాలు’, ‘పత్తి’ అంటే ‘కత్తి’ అన్నట్టుంటుంది. అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే చౌకరకం యాంప్లిఫయర్ పెట్టుకుంటే మాటతోపాటు ఫ్యాను హోరు, గిన్నెల చప్పుడూ పెరుగుతాయి. ఏ ధ్వనిని ఎంత పెంచాలో ఆ చెవిని బట్టి సర్దుకోగలిగేదే అసలైన వినికిడి యంత్రం.

ముందు పరీక్ష
మొదట ఈఎన్‌టీ వైద్యులకు చూపించాలి. అడ్డుపడిన గులిమి తీస్తేనే కొందరికి వినికిడి మెరుగవుతుంది. చీము కారుతుంటే ముందు దానికి చికిత్స జరగాలి. తర్వాత ఆడియాలజిస్టు పరీక్షచేసి ఆడియోగ్రామ్ ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం లోపం 20 నుంచి 35 డెసిబెల్స్ లోపు ఉంటే స్వల్పం. 50 వరకూ మధ్యస్థం, 65 వరకూ కాస్త తీవ్రం, 80 వరకూ తీవ్రం. ఆపైన అతితీవ్రం. ఇక, ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మిషను సంగతి పక్కనపెట్టి ఆరోజే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఆలస్యమైతే చికిత్స ఫలించే అవకాశం తగ్గిపోతుంది.

ఎవరికి ఏది?
చెవి వెనక పెట్టుకునేది స్వల్పం నుంచి అతితీవ్రం వరకూ పనికొస్తుంది. బ్యాటరీ మార్చడమూ తేలికే. చెవి లోపల దాగిపోయే బుల్లి మిషను బయటికి కనిపించదు. కానీ తీవ్రలోపం ఉన్నవారికి దాని శక్తి చాలదు. గులిమికి త్వరగా పాడవుతుంది. వేళ్లు వణికేవారికి దాని బ్యాటరీ మార్చడం పెద్ద పనే. రీఛార్జి చేసుకునే రకమైతే ఆ బెడద లేదు. జేబులో పెట్టుకునే పాతరకం చవక, మీటలు పెద్దవి. అయితే చొక్కా రాపిడి చప్పుడు కూడా వినిపిస్తుంది. అతితీవ్ర లోపంలో మిషనుతో ఫలితం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి వైద్యులతో మాట్లాడాలి.

డబ్బు కట్టేముందు...
* రెండు చెవులకూ లోపం ఉంటే సాధారణంగా రెండింటికీ పెట్టుకోవడమే మంచిది. శబ్దం ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది.
* పెట్టుకుని చూడనివ్వమనండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే కాదు, రోడ్డు పక్కనా పరీక్షించండి.
* తర్వాత సెట్టింగులు ఎన్నిసార్లు మారుస్తారు, రిపేరు ఎక్కడ, వారంటీ ఎంతకాలం... రాయించుకోండి.
* కీచుమంటూ కూత వస్తుంటే చెవి అచ్చు వదులైందేమో చూపించండి.

అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట రోజుకు కొన్ని గంటలు, ఇంట్లో పెట్టుకుని, మెల్లగా పెంచాలి. స్నానానికి వెళ్లేముందు తీసేయాలి.

ఖర్చు భారమైతే
కొనలేనివారికి సర్కారు సాయం ఉంది. వికలాంగుల కోసం ‘ఎడిప్’ పథకం ఉంది. దారిద్య్రరేఖకు దిగువనున్న వృద్ధుల కోసం ‘రాష్ట్రీయ వయోశ్రీ యోజన’ 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో మొదలైంది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

వాయిదా వేయడమే అసలు నష్టం. మతిమరుపు వ్యాధికి దారితీసే, నివారించదగ్గ కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ కమిషన్ 2020లోనూ, 2024లోనూ చెప్పింది. మిషను తెచ్చాక ఇంట్లోవాళ్లకూ ఓ పనుంది. వెనకనుంచి, పక్కగదినుంచి కేకలు వేయకుండా, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడాలి. టీవీ కట్టేసి మరీ!